బురద ఎవరు ఎత్తారు?

మన భాషలో నదులన్నీ ఆడవాళ్ళే. బ్రహ్మపుత్రలాంటి ఒకటీ అరా పక్కన పెడితే గంగ, గోదావరి, తుంగభద్ర, మూసీ అందరూ స్త్రీలే. నిండుగా, నిదానంగా పారుతుంటే తల్లి. గట్టు దాటితే ఉగ్రరూపిణి. ప్రకృతినీ స్త్రీనీ ఒకే గాటన కట్టే ఈ ఉపమానాల మీద నా పిహెచ్.డి.లో ఒక అధ్యాయమే రాశాను. రాసేటప్పుడు అది నాకు పుస్తకాల వ్యవహారం. 2020 అక్టోబర్ 14 పొద్దున టీవీ పెడితే ఆ అధ్యాయంలోని మాటలన్నీ తెర మీద పరుగెడుతున్నాయి. ఆగ్రహం, ఉగ్రరూపం, కన్నెర్ర, శాంతించిన వరుణుడు (శాంతించేటప్పటికి మాత్రం మగవాడైపోయాడు!). ఆ తెర మీదే, సరూర్ నగర్ చెరువుకి దిగువన, మా చిన్నమ్మ అద్దెకుండే కోదండరాం నగర్ వైపు వీధుల్లో కార్లు తేలుతున్నాయి.

వరదని కోపం చేసేస్తే ఒక సౌకర్యం ఉంది. కోపానికి కారణం వెతకక్కర్లేదు. వచ్చింది, పోయింది, అంతే. నాలా మీద ఇల్లు కట్టినవాడు, కట్టుకోమని కాగితం ఇచ్చినవాడు, చెరువు శిఖంలో రాళ్ళు పాతినవాడు ఎవరూ కథలోకి రారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి పదిహేను వేల మంది దాకా పోయారని చెప్తారు. అప్పుడు నిజాం మహబూబ్ అలీ పాషా నది ఒడ్డుకి వచ్చి చీరె పెట్టి, పూజ చేసి, శాంతించు తల్లీ అని వేడుకున్నాడని హైదరాబాదులో ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. ఒక ముస్లిం పాలకుడు హిందూ పద్ధతిలో నదికి మొక్కాడన్న ఆ కథ నాకూ ఇష్టమే, ఈ రోజుల్లో మరీ ఇష్టం. కానీ చదివిన చదువు ఊరుకోనివ్వదు కదా! కోపగించుకున్న ఆడదానికి చీరె పెట్టడం మన ఇళ్ళల్లో ఎంత పాత ఉపాయమో మనకి తెలుసు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. ముందు చీరె, తర్వాత ఆనకట్ట.

ఆ వరదని చూసి బతికిన కవి అమ్జద్ హైదరాబాదీ. తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆయన కళ్ళ ముందే కొట్టుకుపోయారు. ఆ దుఃఖంలో ఆయన రాసిన 'ఖయామతె సుగ్రా' ఉర్దూ సాహిత్యంలో నిలిచిపోయింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని అక్కడ పలక కూడా పెట్టారు. చెట్టుకీ చరిత్ర ఉంది, కవికీ ఉంది. ఆ ముగ్గురు స్త్రీలు మాత్రం మనకి ఆ కవి దుఃఖంలో నుంచే కనిపిస్తారు. నీళ్ళు తీసిన తర్వాత అఫ్జల్ గంజ్‌లో మిగిలిన ఇళ్ళలోకి తిరిగొచ్చి బురద ఎత్తిన ఆడవాళ్ళు ఆ మాత్రంగా కూడా కనిపించరు. ఎత్తే ఉంటారు కదా, ఎవరో ఒకరు!

మా చిన్నమ్మ సంగతికి వస్తాను. ఆమెది రెండు గదుల పోర్షన్, కింది అంతస్తు. ముందు గదిలో కుట్టుమిషన్. ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతుంది. బాబాయి ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాడు, లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయింది. ఆ ఏడాది ఇల్లు నడిచింది ఆ మిషన్ మీదే. 13వ తేదీ మంగళవారం. తీవ్ర వాయుగుండం ఆ ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదికొచ్చింది. ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు కురిసింది. చిన్నమ్మకి సెంటీమీటర్ల లెక్క తెలియదు. రాత్రి బాత్రూము గుంతలో నుంచి నీళ్ళు పైకి తన్నుతుంటే ముందు గోనెసంచి కుక్కింది, తర్వాత దాని మీద రుబ్బురోలు పెట్టింది. పావుగంటలో రోలు మునిగింది.

ఇంటాయన కుటుంబంతో పాటు మూడు రోజులు మేడ మీద గడిపారు. ఆ మూడు రోజుల గురించి బాబాయిని అడిగితే నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చెప్తాడు. గోడ మీద గీత చూపిస్తాడు. చిన్నమ్మని అడిగితే చెప్పేది వేరు. 'నీళ్ళు తాగలేదే బిడ్డా' అంది. తాగే నీళ్ళు లేక కాదు, ఎవరో పడవలో తెచ్చి బాటిళ్ళు ఇచ్చారు. తాగితే మళ్ళీ పోవాల్సి వస్తుందని తాగలేదు. మేడ మీద పదకొండు మంది, ఒక నీళ్ళ ట్యాంకు, దాని వెనక చీరె కట్టి చేసిన మరుగు. మా చెల్లికి ఆ రోజుల్లోనే నెలసరి. ఇంటాయన కోడలు తన పాత కాటన్ చీరె చింపి ఇచ్చింది. ఆ కోడలికీ చిన్నమ్మకీ అంతకుముందు నల్లా దగ్గర ఎప్పుడూ పడేది కాదు.

పడవ వచ్చినప్పుడు చిన్నమ్మ మొదటిసారి ఎక్కలేదు. నైటీలో ఉంది. పడవలో ఇద్దరు కుర్రాళ్ళు, పక్క మేడ మీద ఫోన్లు పట్టుకున్నవాళ్ళు, ఎక్కడో ఒక కెమెరా. 'చున్నీ తెచ్చుకుంట ఆగు తమ్మీ' అని లోపలికి పోయింది. మెట్ల మీద నీళ్ళలో చున్నీ ఎక్కడ దొరుకుతుంది! పడవ ముందుకు వెళ్ళిపోయింది. ఇది విని మనం నవ్వచ్చు, ఆమే నవ్వుతూ చెప్పింది. కానీ 2004 సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ వేసిన లెక్కల్లో కడలూరు జిల్లాలో చనిపోయిన ఆడవాళ్ళు మగవాళ్ళకి దాదాపు మూడు రెట్లు. మగవాళ్ళు పడవల మీద లోతు సముద్రంలో ఉన్నారు, ఆడవాళ్ళు చేపల కోసం ఒడ్డున నిలబడ్డారు, ఈత రాదు, చేతుల్లో పిల్లలు, ఒంటికి చుట్టుకుపోయిన చీరె. 'ఏరు ఏడామడ ఉండగానే చీరె విప్పి చంకన పెట్టుకున్నట్టు' అని సామెత చెప్పి ఆడదాని ముందుచూపుని వెక్కిరించిన భాష మనది. విప్పకపోతే ఏమవుతుందో ఆ భాష ఎక్కడా చెప్పలేదు.

బురద ఎత్తడం పదహారు రోజులు పట్టింది. లెక్క నాకెలా తెలుసంటే అందులో ఆరు రోజులు నేనూ ఉన్నాను. కరోనా రోజులు, ఆన్‌లైన్ క్లాసులు ఫోన్లోనే చెప్పుకుంటూ సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం నుంచి పొద్దున్నే వెళ్ళేదాన్ని. వాన బురద వేరు, వరద బురద వేరు. వరద బురదలో డీజిలు ఉంటుంది, మురుగు ఉంటుంది, ఎవరింటివో బియ్యం మొలకెత్తుతూ ఉంటాయి. మొదట పారతో తీస్తాం, తర్వాత తట్టతో, తర్వాత వైపరుతో, చివరికి పాత టూత్ బ్రష్షుతో కిటికీ చువ్వల సందుల్లో. నాలుగో రోజు 17వ తేదీ రాత్రి మళ్ళీ కురిసింది. అటు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. ఇక్కడ చిన్నమ్మ కడిగిన గదిలోకే మళ్ళీ నీళ్ళు. ఆ రాత్రి ఆమె ఏడ్చింది, మొదటిసారి వచ్చినప్పుడు ఏడవలేదు.

కుట్టుమిషన్ మోటారు పోయింది. కుట్టడానికి ఇచ్చిన జాకెట్ ముక్కలు ఇరవైకి పైగా పాడయ్యాయి. దసరా ముందు కదా, అన్నీ పట్టుబట్టలే. వాటి డబ్బులు ఆమె తన చేతి నుంచి కట్టింది. వీధిలో మునిగిన కార్లకి బీమా కంపెనీ మనుషులు వచ్చి ఫోటోలు తీసుకుపోయారు. మిషన్‌ని 'గృహోపకరణం' అన్నారు, ఫ్రిజ్జు పక్కన ఫ్రిజ్జులాగా. ఆ ఏడాది ఆ ఇంటికి జీతం తెచ్చింది అదేనని రాసుకోవడానికి ఎవరి దగ్గరా గడి లేదు. ప్రభుత్వం కుటుంబానికి పదివేలు ప్రకటించింది. మొదట చేతికిచ్చారు, తర్వాత మీసేవలో దరఖాస్తు అన్నారు. ఆ వరుసల ఫోటోలు చూడండి, నిలబడినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. డిసెంబర్ 1న కార్పొరేషన్ ఎన్నికలని నవంబర్ 18న ఎన్నికల సంఘం పంపిణీ ఆపించింది. చిన్నమ్మకి వచ్చినదాంట్లో సగం మధ్యలో ఎవరికో పోయింది. 'ఉన్నకాడికి నయం' అంది.

ఇంత నీరు ఎక్కడి నుంచి వచ్చిందని అందరూ అడిగారు. ఎక్కడికి పోలేకపోయిందని అడగాలేమో! ఈ ప్రశ్నకి జవాబు నాకు మా ఊళ్ళోనే ఉంది. మా ఊరి పేరు ఇబ్రహీం కుతుబ్ షా పేరు. పదహారో శతాబ్దంలో ఆయన కాలంలోనే హుస్సేన్ సాగర్ వచ్చింది, మా పెద్ద చెరువూ వచ్చింది. వెయ్యి ఎకరాలకి మించిన చెరువు. నిజాముల కాలంలో ఈసీ వాగు నుంచి ఫిరంగి నాలా తవ్వి, దారిలోని చెరువుల్ని నింపుకుంటూ నీళ్ళు ఇక్కడిదాకా తెచ్చారు. ఈ చెరువులన్నీ గొలుసుకట్టు. పై చెరువు నిండితే అలుగు దూకుతుంది, ఆ నీళ్ళు కాలువబట్టి కింది చెరువుకి పోతాయి. గొలుసులో ఒక్క కొక్కెం తెగితే రెండు సంగతులు జరుగుతాయి. తెగినదానికి పైన మునుగుతుంది, కింద ఎండుతుంది. నా చిన్నతనమంతా మేము ఎండే వైపున ఉన్నాం. ఫిరంగి నాలా పూడిపోయి, ప్లాట్లయిపోయి, పెద్ద చెరువులో గొడ్లు మేసేవి. బతుకమ్మని వేయడానికి అమ్మావాళ్ళు నీళ్ళున్న గుంత వెతుక్కునేవాళ్ళు. అదే ఏళ్ళల్లో, 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు కురిసి హైదరాబాదు మునిగింది. అక్కడ మునగడానికీ ఇక్కడ ఎండడానికీ కారణం ఒకటేనని నాకు అప్పుడు తెలియదు. పిల్లని. పెద్దవాళ్ళకి తెలిసే ఉండాలి.

2022 వానలకి మా చెరువు దశాబ్దాల తర్వాత అలుగు దూకింది. ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. మా అమ్మ కట్ట మీద కట్ట మైసమ్మకి కొబ్బరికాయ కొట్టి, దూకే నీళ్ళని చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పక్కన కుర్రాళ్ళు సెల్ఫీలు తీసుకుంటున్నారు. సాగర్ రోడ్డు మీద 'లేక్ వ్యూ' వెంచర్ల బోర్డులు లేచాయి.

ఆ మరుసటి ఏడాది మా అన్నయ్య ఒక ప్లాటు చూశాడు. మమ్మల్నీ తీసుకెళ్ళాడు. నేల చదునుగా, ఎర్రమట్టి పోసి, రోడ్లు వేసి శుభ్రంగా ఉంది. ఏజెంటు ఈశాన్యం గురించి చెప్తున్నాడు. దూరంగా మేకల్ని మేపుతున్న అవ్వ ఒకామె దగ్గరికి వచ్చి మా అమ్మని పలకరించింది.

'ఏడికెల్లి వచ్చిన్రు బిడ్డా?'

'పట్నంలోనే అవ్వా. జాగ చూద్దామని వచ్చినం.'

'ఇది నీళ్ళ తొవ్వ కదనే. మా పెండ్లయిన కొత్తల ఈడ కాలువల బట్టలు పిండేటోళ్ళం. ఆ తుమ్మచెట్టు ఉన్నది సూడు, ఆడ మొలబంటి నీళ్ళు.'

ఏజెంటు నవ్వి, ముసలామెకి మతి లేదండీ అన్నాడు. దస్తావేజులన్నీ చూపించాడు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అవ్వ దగ్గర ఏ కాగితమూ లేదు. మేం ఆ ప్లాటు కొనలేదు. కానీ అవ్వ మాట నన్ను వదల్లేదు. బట్టలు పిండటానికి, గొడ్లు కడగటానికి, బతుకమ్మ వేయటానికి, బోనం ఎత్తుకుని కట్ట మైసమ్మ దగ్గరికి పోవటానికి ఆడవాళ్ళు నీళ్ళ వెంట నడిచినంతగా ఎవరూ నడవలేదు. అలుగు, తూము, శిఖం, ఒర్రె, కుంట, ఇన్ని పేర్లు వాళ్ళ నోటి మీద ఉన్నాయి. ఆ భూగోళశాస్త్రం ఏ సర్వే నంబరులోనూ లేదు. అది మతి లేకపోవడం అయింది.

విశాఖలో నా స్నేహితురాలు ఒకరు కాలేజీలో తెలుగు చెప్తుంది. 2021 సెప్టెంబర్‌లో గులాబ్ తుఫాను వానలకి వాళ్ళ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. పక్కనే సముద్రం పెట్టుకుని మీకు వరదేమిటే అన్నాను. సముద్రం దగ్గరుంటే నీళ్ళు పోతాయనుకుంటాం. కానీ ఆటుపోట్లలో పోటు సమయమైతే సముద్రం తీసుకోదు, నీళ్ళు వెనక్కి నిలబడతాయి. కొండల మీద నుంచి సముద్రానికి నీళ్ళు తెచ్చే వాగుల్ని వాళ్ళు గెడ్డలంటారు. నగరం మధ్యలో వాటికి సిమెంటు గోడలు కట్టి, మురుగు కలిపి, పైన మూతలు వేశారు. మా నాలాలకి చుట్టాలే. పర్యాటకులు బీచ్ రోడ్డులో నిలబడి అలల ఫోటోలు తీసుకుంటుంటే గెడ్డ పక్క వీధుల్లో ఆడవాళ్ళు బకెట్లతో నీళ్ళు తోడుతుంటారంది ఆమె. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచినప్పుడు నాకు ఒకటే ఫోన్లు. టీవీలో ఇబ్రహీంపట్నం అని వినపడి కంగారుపడ్డారు. అది విజయవాడ పక్కన కృష్ణ ఒడ్డునున్న ఇబ్రహీంపట్నం, మాది కాదు అని పదిమందికి చెప్పాను. చెప్తూ చెప్తూ, పేరు తప్ప తేడా ఏముందిలే అనిపించింది.

ఇక్కడి దాకా రాయడం సులువే. ఆ తర్వాతది చిక్కు. 2024 జులైలో హైడ్రా వచ్చింది. చెరువుల్లో కట్టినవాటిని కూల్చడం మొదలుపెట్టింది. పెద్దవాళ్ళ కన్వెన్షన్ హాలు కూలితే చాలామందితో పాటు నేనూ సంతోషించాను. సెప్టెంబర్‌లో మూసీ ఒడ్డు ఇళ్ళ మీద ఎర్రరంగుతో గుర్తులు వేశారు. మూసానగర్, శంకర్ నగర్ ఆడవాళ్ళు ఆ గుర్తుల ముందు కూర్చుని ఏడుస్తుంటే ఏమనాలో తెలియలేదు. చెరువు చెరువుకే దక్కాలని నేను అంటాను. ఆ మాట అనడానికి నేను ఖాళీ చేయాల్సిన గది ఏదీ లేదు. దూరంగా ఇచ్చే డబుల్ బెడ్‌రూము ఇంటికి వెళ్తే పొద్దున ఆరింటికి పాచిపనికి రావడం ఎలా అని అడిగిన ఆమెది, నా ఊరి అవ్వ చెప్పిన నీళ్ళ తొవ్వది, రెండూ నిజాలే. తొవ్వ మూసింది ఆ పాచిపని ఆమె కాదు. ఆమెకి నీళ్ళ మీద తప్ప ఇంకెక్కడా చోటు మిగల్చలేదు, అంతే. అందుకని వదిలేయమంటానా? 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే ఎంజీబీఎస్ బస్‌స్టాండులోకి మూసీ వచ్చింది, ఒడ్డు బస్తీలు మళ్ళీ మునిగాయి. ఆ ఇళ్ళలో బురద మళ్ళీ ఎవరు ఎత్తుతారో మనకి తెలుసు. సహాయ శిబిరంలో మరుగుదొడ్డి గురించి, పునరావాసం ఇంటికి పని ఎంత దూరమన్నదాని గురించి, పట్టా ఎవరి పేరు మీదన్నదాని గురించి అడగకుండా చెరువుల్ని కాపాడాలి అనే మాట నాకు నోట్లోంచి రావట్లేదిప్పుడు. అడిగినా కూడా పూర్తిగా రావట్లేదు.

చిన్నమ్మ ఇప్పుడు హస్తినాపురంలో మొదటి అంతస్తులో ఉంటుంది. అద్దె రెండు వేలు ఎక్కువ. కొత్త మిషన్‌ని ఇనుప బల్ల మీద బిగించుకుంది, ఎత్తుకి అందక స్టూలు వేసుకుని కుడుతుంది. మొదటి అంతస్తుకి ఇదెందుకు పిన్నీ అంటే వినదు. పిల్లల సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, ఆధార్ అన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టింది. వాన మొదలవగానే ఇంట్లో అందరికీ నిండా నీళ్ళు తాగిస్తుందట, తర్వాత తాగడం కుదరదని.

ఆ ఏడాది నుంచి వీలైనప్పుడల్లా నీళ్ళు చూసిన ఆడవాళ్ళతో మాట్లాడి రాసుకుంటున్నాను. అందరినీ ఒక ప్రశ్న అడుగుతాను: నీళ్ళొచ్చినప్పుడు ముందు ఏం పట్టుకున్నారు? ఒకామె గ్యాసు సిలిండరు అంది. ఒకామె బిడ్డ పెళ్ళికని దాచిన పట్టీలు. ఒకామె పొయ్యి మీది అన్నం గిన్నె, 'వండిందే గదమ్మా, ఎట్ల విడిచిపెడ్త' అంది. అల్ జుబైల్ కాలనీలో ఒక పెద్దావిడ చాలాసేపు ఆలోచించింది. మంచం మీది నుంచి లేవలేని అత్త ఉండేదట ఆమెకి, ముప్పై ఏళ్ళు సూటిపోటి మాటలే తప్ప చల్లటి మాట అనని మనిషి. 'ఆమెనే పట్టుకున్న' అంది. 'చీకట్ల చెయ్యికి ముందు ఆమెనే తగిలింది మరి.'